సామాన్యుని శకటశిల్పి హెన్రీ ఫోర్డు

మన వార్షిక సంచికలో కవుల జీవితాలు, సంస్కర్తల జీవితాలు, విద్యాదాతల జీవితాలు చోటు చేసుకోవడం ఆనవాయితీ. ఈ పర్యాయం మేము ఒక యంత్రశిల్పి జీవితాన్ని ఎన్నుకున్నాము. ఆయన కళాశాల గడప తొక్కినవాడు కాడు. గ్రంథాలు చదివి పాండిత్యం సంపాదించినవాడు అంతకన్నా కాడు. అయినను ఆయన చేయించిన ఒక నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను పంతొమ్మిది సంవత్సరాల పాటు ఒకే నమూనాలో కోటీ యాభై లక్షల కార్లను నడిపింది. రైతు మొదలు వైద్యుని వరకు, బడిపంతులు మొదలు పాలు అమ్ముకొనేవాని వరకు అమెరికా దేశంలోని సామాన్య జనం తొలిసారి తమ సొంత వాహనం ఎక్కింది ఆ ఇంజను పుణ్యాననే. ఆయనయే హెన్రీ ఫోర్డు.

ఆయనను మచ్చలేని మహాత్మునిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆ ఇంజనులో లోపం కనిపిస్తే పల్లెటూరి కమ్మరి సైతం విప్పి సరిచేయగలిగేవాడు. దానిని చేసిన మనిషిని సరిచేయడం మాత్రం కన్నకొడుకు వల్ల కూడా కాలేదు. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే ఆ జీవితం మనకు బోధపడుతుందని మేము భావిస్తున్నాము.

హెన్రీ ఫోర్డు 1863 జూలై 30న అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి సమీపాన ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. తండ్రి విలియం ఐర్లండు దేశం నుండి వలస వచ్చిన రైతు. తల్లి మేరీ. పిల్లవానికి పొలం పనులంటే విరక్తి. గడియారాలు, మరలు, చక్రాలు అంటే ప్రాణం. ఇరుగుపొరుగు వారి గడియారాలను విప్పి బాగుచేయడం పసితనంలోనే అలవడింది.

1876వ సంవత్సరం అతని జీవితంలో మరపురానిది. ఆ ఏడు వసంతంలో తల్లి మరణించింది. అదే ఏడు వేసవిలో తండ్రితో బండి మీద డెట్రాయిట్ వెళుతుండగా దారిలో ఒక ఆవిరి ఇంజను గుర్రాల సహాయం లేకుండా తనంతట తానే కదలి రావడం చూశాడు. బండి ఆగకముందే కిందికి దూకి దాని చోదకుణ్ణి ప్రశ్నలతో ముంచెత్తాడట. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. సరిగ్గా అదే 1876లో సముద్రాల కావల జర్మనీ దేశంలో నికొలస్ ఆటో అనే శిల్పి నాలుగు దశల్లో పనిచేసే ఇంజనును సిద్ధం చేశాడు. పన్నెండేళ్ళ పల్లెటూరి బాలునికి ఆ సంగతి తెలియదు. అయితే అతని జీవితమంతా తర్వాత తిరిగింది ఆ సూత్రం చుట్టూనే.

పదహారవ ఏట, 1879లో, ఇల్లు విడిచి డెట్రాయిట్ చేరాడు. పగలు యంత్రాల కార్ఖానాలో పని, రాత్రి గడియారాల దుకాణంలో మరమ్మతు పని. తర్వాత నౌకల ఇంజన్లు చేసే చోట చేరాడు. మన హైదరాబాదు గల్లీలలో ఉస్తాదు చేతి కింద శాగిర్దులు పని నేర్చుకొనే తీరు మనకు కొత్త కాదు. ఫోర్డు చదివిన విశ్వవిద్యాలయం అదే. మూడేళ్ళ తర్వాత ఊరికి తిరిగివచ్చి, పొలాలలో నూర్పిళ్ళకు వాడే ఆవిరి ఇంజన్లను నడుపుతూ, బాగుచేస్తూ కాలం గడిపాడు. 1888లో క్లారా బ్రయంటును వివాహం చేసుకున్నాడు. 1891లో డెట్రాయిట్‌లోని ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా ఉద్యోగం దొరికింది.

ఉద్యోగం విద్యుత్తుతో, మనసు పెట్రోలుతో. 1893 డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్ పండుగకు వంట జరుగుతున్న ఇంట్లో, ఆయన తాను తుక్కు ఇనుముతో చేసుకున్న చిన్న ఇంజనును వంటగదిలోని తొట్టి అంచుకు బిగించాడు. ఇంటి విద్యుద్దీపం తీగ నుండి నిప్పురవ్వ పుట్టించాడు. భార్య చేత పెట్రోలును చుక్కలు చుక్కలుగా పోయించాడు. పసికందు ఎడ్సెల్ పక్క గదిలో నిద్రిస్తున్నాడు. ఇంజను పొగలు కక్కుతూ తిరిగింది. అది తిరుగుతుందని రుజువైన తర్వాత ఆపివేసి, మరొక పెద్ద ఇంజను పనికి పూనుకున్నాడు. 1896 జూన్ 4న తెల్లవారుజామున రెండు సిలిండర్ల ఇంజనుతో, నాలుగు సైకిలు చక్రాలతో తొలి బండి సిద్ధమైంది. తీరా చూస్తే బండి కొట్టు తలుపు కన్నా వెడల్పు. గొడ్డలితో ఇటుక గోడను పగులగొట్టి బండిని వీధిలోకి తెచ్చాడు. దానికి వెనుకకు నడిచే ఏర్పాటు లేదు.

తర్వాతి ఏడెనిమిది సంవత్సరాలను మేము త్వరగా దాటివేస్తాము. 1899లో పెట్టిన మొదటి కంపెనీ 1901లో మూతపడింది. రెండవ కంపెనీ నుండి 1902లో ఆయన తప్పుకున్నాడు. ఆయన తప్పుకున్నాక అది కాడిలాక్ పేరుతో వృద్ధిచెందింది. పందెపు కార్లు కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1904 జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీద స్వయంగా కారు నడిపి గంటకు 91 మైళ్ళ పైచిలుకు వేగం అందుకున్నాడు. ఈలోగా 1903 జూన్ 16న 28,000 డాలర్ల నగదు మూలధనంతో ఫోర్డు మోటార్ కంపెనీ స్థాపితమైంది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండవస్తున్నాయి. రెండుమార్లు విఫలుడైన నలభై ఏళ్ళవాడు మూడవసారి నిలబడడం మన విద్యార్థులు గమనించదగిన విషయమే.

ఆ రోజులలో కారు అంటే ధనవంతుని విలాసవస్తువు. భాగస్వాములు ఖరీదైన ఆరు సిలిండర్ల కారు వైపు మొగ్గు చూపారు. ఫోర్డు దృష్టి మాత్రం చౌకగా, తేలికగా, దృఢంగా ఉండే నాలుగు సిలిండర్ల కారు మీద నిలిచింది. కార్ఖానాలో ఒక గదిని ప్రత్యేకించి, హంగేరీ నుండి వచ్చిన జోసెఫ్ గాలంబ్, లోహవిద్యలో దిట్ట అయిన చైల్డ్ హెరాల్డ్ విల్స్ మున్నగు వారితో కూర్చుని నమూనాలు గీయించాడు. వనేడియం కలిపిన ఉక్కు తక్కువ బరువులోనే ఎక్కువ బలం ఇస్తుందని గ్రహించి, ఇరుసుల వంటి ముఖ్యభాగాలకు దానిని వాడాడు. 1908 అక్టోబరు 1న మోడల్ టీ అనే కారు వెలువడింది. ధర 850 డాలర్లు.

ఇక ఆ ఇంజను గురించి కొంత విపులంగా చెప్పుకోవాలి. సాహిత్య విద్యార్థులు విసుగు చెందకుండా చదవవలెనని మనవి. ఎందుకంటే ఆ మనిషి స్వభావం ఆయన ముఖంలో కన్నా ఆ ఇనుప దిమ్మెలో స్పష్టంగా కనిపిస్తుంది.

పెట్రోలు ఇంజను సిలిండరులో నాలుగు దశలు నడుస్తాయి. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీల్చుతుంది. పైకి లేస్తూ దానిని నొక్కుతుంది. నిప్పురవ్వ తగిలి అది పేలి పిస్టనును కిందికి నెట్టుతుంది. మరల పైకి వస్తూ కాలిన పొగను వెడలగొట్టుతుంది. ఈ నాలుగింటిలో శక్తినిచ్చేది ఒక్క దశ. కావున ఒకే సిలిండరున్న ఇంజను కుదుపులతో నడుస్తుంది. నాలుగు సిలిండర్లు వరుసగా ఉంటే ప్రతి క్షణమూ ఏదో ఒకటి శక్తినిస్తూనే ఉంటుంది. మోడల్ టీలో పేలుళ్ళ వరుస ఒకటి, రెండు, నాలుగు, మూడు. సిలిండరు వ్యాసం మూడుముప్పావు అంగుళాలు. పిస్టను నడక నాలుగు అంగుళాలు. మొత్తం పరిమాణం 2.9 లీటర్లు. ఇంత పెద్ద ఇంజను ఇచ్చింది కేవలం 20 అశ్వశక్తి. నేడు మన రోడ్ల మీద తిరిగే ఒక లీటరు చిన్న కారు ఇంజను దానికి మూడింతలు ఇస్తుంది. కాని ఆ తక్కువ శక్తిలోనే దాని దీర్ఘాయువు ఉన్నది. ఇంజనులో నొక్కుడు చాలా తక్కువ. అందువల్ల నాసిరకం పెట్రోలుతోనైనా అది అలిగేది కాదు. మెల్లగా, నిమ్మళంగా, ఎద్దులా లాగేది.

అంతకు మునుపు చాలామంది సిలిండర్లను ఒక్కొక్కటిగా గాని, జతలుగా గాని పోతపోసి ఒకచోట బిగించేవారు. ఫోర్డు నాలుగు సిలిండర్లనూ, వాటి కింది క్రాంకు గది పై సగంతో సహా, ఒకే దిమ్మెగా పోతపోయించాడు. ఆ దిమ్మె పైన హెడ్డును వేరుగా చేసి మరలతో బిగించాడు. నేటి వారికి ఇదేమంత గొప్ప అనిపించవచ్చు. ఆనాడు ఇది సాహసమే. హెడ్డు విడివడి వస్తుంది గనుక, మరలు విప్పి దానిని ఎత్తివేస్తే పిస్టన్లు, వాల్వులు అన్నీ కళ్ళెదుట కనిపిస్తాయి. పేరుకున్న మసిని గీకివేయవచ్చు. వాల్వులకు నూరుడు ముద్ద పూసి, అటూ ఇటూ తిప్పి, వాటి గద్దెల మీద సమంగా కూర్చునేటట్లు నూరవచ్చు. వాల్వుల సందును సవరించేందుకు మరలు లేవు. నూరగా నూరగా సందు తగ్గితే వాల్వు కాడ చివరను ఆకురాయితో కొద్దిగా అరగదీయాలి. రైతు తన కొట్టంలో, ఒక పానా, ఒక సుత్తి, ఒక ఆకురాయి పెట్టుకొని చేసుకోగలిగిన పనులు ఇవన్నీ.

నీటిని తిప్పడానికి పంపు లేదు. తొలి రెండువేల అయిదువందల కార్లలో పంపు ఉండేది, తరువాత తీసివేశారు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేచి రేడియేటరులోకి పోవడం, చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగడం, ఈ ప్రకృతిధర్మం మీదనే చల్లదనం ఆధారపడింది. లేని పంపు చెడిపోయే భయం లేదు. కాని నీటి మట్టం తగ్గితే ప్రవాహం తెగిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రేడియేటరు మరగడం మామూలు దృశ్యం. దారిలో కనిపించిన ప్రతి వాగు దగ్గర ఆగి నీరు నింపుకొనడం యజమానికి అలవాటయ్యేది.

నూనె సంగతి మరింత వింత. నూనె పంపు కూడా లేదు. వెనుక తిరిగే ఫ్లైవీలు అడుగున నిలిచిన నూనెను చిమ్ముతుంది. ఆ చిమ్మిన నూనె కొంత ఒక గొట్టం నోట పడి ముందు భాగానికి పారుతుంది. దారిలో ఉన్న చిన్న తొట్లలో నిండిన నూనెను కనెక్టింగ్ రాడ్లు తిరుగుతూ ముంచుకుంటాయి. ఈ ఏర్పాటులో ఒక లోపం ఉన్నది. కారు నిటారైన ఎత్తు ఎక్కుతున్నప్పుడు నూనె వెనుకకు జారి, ముందు సిలిండరు బేరింగుకు కొరత పడుతుంది. మరొక లోపం కూడా ఉన్నది. గేర్లు కూడ అదే నూనెలో మునిగి ఉండేవి. వాటి పట్టీలకు తొడిగిన నూలు గుడ్డ అరిగి, దాని పీచు నూనెలో కలిసి, సన్నని గొట్టానికి అడ్డుపడేది. బేరింగులు తెల్లలోహంతో పోతపోసినవి. నూనె అందకపోతే ఆ మెత్తని లోహం కరిగిపోతుంది. క్రాంకు కడ్డీ కూడా సన్ననిదే. అందుకే జాగ్రత్తగల యజమాని నూనెను తరచు మార్చేవాడు. మట్టం చూడడానికి కొలత కడ్డీ లేదు. కారు కిందికి దూరి, గది వెనుక ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పి చూడాలి. కింది కుళాయి నుండి నూనె కారితే కనీసం ఉన్నట్టు. పై కుళాయి నుండి కారితే నిండుగా ఉన్నట్టు. చొక్కా మాసిపోతుందని బద్ధకించినవాని ఇంజను కొద్దికాలంలోనే గొంతు పోగొట్టుకొనేది.

నిప్పురవ్వ కోసం బ్యాటరీ అవసరం లేకుండా చేయడం ఆ ఇంజనులోని మేటి యుక్తి. ఫ్లైవీలు మీదనే పదహారు అయస్కాంతాలను అమర్చారు. వాటికెదురుగా పదహారు తీగచుట్టలు కదలకుండా నిలిచి ఉంటాయి. ఇంజను తిరిగితే అయస్కాంతాలు తిరుగుతాయి, విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు చోదకుని ముందున్న కొయ్యపెట్టెలోని నాలుగు కాయిళ్ళకు వెళ్ళి, అక్కడ తుమ్మెద ఝుంకారం వంటి శబ్దంతో బలం పుంజుకొని, ప్లగ్గుల దగ్గర రవ్వగా రాలుతుంది. 1915 నుండి ముందు దీపాలకు కూడ ఈ విద్యుత్తే. అందువల్ల కారు వేగంగా పోతే దీపాలు దేదీప్యమానంగా, మెల్లగా పోతే మిణుకుమిణుకుమంటూ వెలిగేవి. గుంతల దారిలో వెలుగు ఎక్కువ కావలసిన సమయంలోనే వెలుగు తగ్గేదన్న మాట!

దానిని బయలుదేరదీయడం ఒక విద్య. ముందు నిలిచి చేతితో హాండిలు తిప్పాలి. దానికి ముందు స్టీరింగు కింద ఎడమ ప్రక్కనున్న మీటను జరిపి రవ్వ ఆలస్యంగా పడేటట్లు చేయాలి. మరచిపోతే ఇంజను వెనుకకు తన్నుతుంది. అలా మణికట్టు ఎముక విరిగినవారు ఎందరో. చలి రోజుల్లో చిక్కబడిన నూనె గేర్లను పట్టి ఉంచడం వల్ల, ఇంజను అందుకోగానే కారు హాండిలు తిప్పిన యజమాని మీదికే మెల్లగా నడిచి వచ్చేది. తెలిసినవారు వెనుక చక్రం ఒకటి పైకెత్తి పెట్టి మరీ తిప్పేవారు. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండి, పెట్రోలు తన బరువుతో తానే కార్బురేటరుకు దిగేది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉండి కొండ నిటారుగా ఉంటే అది దిగదు. అప్పుడు కారును వెనుకకు తిప్పి, వెనుక గేరులో కొండ ఎక్కేవారు. విద్యుత్ స్టార్టరు 1919లో గాని రాలేదు.

ఇన్ని లోపాలున్న ఇంజనును నమ్మదగినదని ఎందుకన్నారు? చెడిపోదని కాదు, చెడిపోయినా యజమాని చేతిలోనే బాగుపడుతుందని. ఒక భాగం తీసి మరొక కారులోని భాగం పెడితే అచ్చుగా సరిపోయేది. విడిభాగాలు చౌక, ఊరూరా లభ్యం. రైతులు వెనుక చక్రాన్ని పైకెత్తి, దానికి పట్టా తగిలించి, కట్టెలు కోసే రంపాన్ని, నీటి పంపును ఆ ఇంజనుతోనే నడిపించారు. ఆదివారం కుటుంబంతో చర్చికి, సోమవారం రంపానికి. మన మెకానిక్ షెడ్డులలో పాత వాహనాలను విప్పి, రెండు బండ్ల భాగాలతో ఒక బండి నిలబెట్టే పిల్లలను చూసినప్పుడల్లా మాకు ఆ రైతులు జ్ఞాపకం వస్తారు.

1909లో న్యూయార్కు నుండి సియాటిల్ వరకు, ఖండాన్ని అడ్డంగా దాటే పందెం జరిగింది. దారులు లేని బురదలో, మంచులో పడి లేచి, ఒక ఫోర్డు కారు ఇరవై రెండు రోజుల్లో అందరికన్నా ముందు చేరింది. దేశమంతటా కీర్తి మారుమ్రోగింది. కొన్ని నెలల తర్వాత నిర్ణేతలు ఆ గెలుపును రద్దుచేశారు. దారి మధ్యలో ఆ కారు ఇంజనునే మార్చివేశారని తేలింది. అప్పటికి ప్రచారం ముగిసింది, కార్లు అమ్ముడుపోయాయి. ఈ సంగతిని మేము దాచదలచుకోలేదు.

గిరాకీ పెరిగేకొద్దీ చేతితో కూర్చే పద్ధతి చాలలేదు. 1910లో హైలాండ్ పార్కు అనే చోట కొత్త కార్ఖానా తెరిచారు. 1913లో అక్కడ లోకాన్ని మార్చిన ప్రయోగం జరిగింది. అది మొదలైంది పైన చెప్పిన అయస్కాంతాల ఫ్లైవీలుతోనే. ఒక పనివాడు దానిని మొదటి నుండి చివరి వరకు కూర్చడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆ పనిని ఇరవై తొమ్మిది ముక్కలుగా విడదీసి, వరుసగా నిలబెట్టిన మనుషుల ముందు నుండి వస్తువు జరిగిపోయేటట్లు ఏర్పాటు చేస్తే పదమూడు నిమిషాల పది సెకన్లకు తగ్గింది. బల్ల ఎత్తు పెంచితే ఏడు నిమిషాలు. ఇంకా సవరిస్తే అయిదు నిమిషాలు. తర్వాత ఇంజనుకు, ఆపైన మొత్తం చట్రానికి ఈ విధానం వ్యాపించింది. చట్రం కూర్పు పన్నెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాల నుండి గంటా ముప్పై మూడు నిమిషాలకు దిగింది. 850 డాలర్లున్న కారు 1920ల నడుమ 300 డాలర్లకు లోపే దొరికింది.

అయితే రోజంతా ఒకే మరను బిగించే పని మనిషికి ఎలా ఉంటుంది? 1913లో ఆ కార్ఖానా నుండి జనం తండోపతండాలుగా వెళ్ళిపోయారు. ఒక ఉద్యోగంలో మనిషిని నిలపడానికి ఏడాదిలో ముగ్గురు నలుగురిని చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరి 5న ఫోర్డు రోజుకు అయిదు డాలర్ల కూలి, ఎనిమిది గంటల పని ప్రకటించాడు. అది అప్పటి కూలికి ఇంచుమించు రెట్టింపు. దేశదేశాల వలసజీవులు ఆ గేటు ముందు బారులు తీరారు. నల్లజాతి వారిని, అంగవైకల్యం గలవారిని ఆయన చేర్చుకున్నట్లు ఆనాడు మరి ఏ పెద్ద కంపెనీ చేర్చుకోలేదు. సిరియా, లెబనాన్ ప్రాంతాల అరబ్బులు కూడ అలా వచ్చి స్థిరపడ్డారు. 1921లోనే హైలాండ్ పార్కులో మసీదు వెలసింది. డియర్‌బోర్న్ పట్టణం నేటికీ అరబ్ సంతతి వారికి ప్రసిద్ధి. వలస కార్మికులకు ఇంగ్లీషు నేర్పడానికి కంపెనీలోనే బడి నడిచింది. దీనికి మరొక ముఖం కూడ ఉన్నది. కంపెనీ పరిశోధకులు పనివారి ఇళ్ళకు వెళ్ళి, వారు తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా అని విచారించి, నచ్చితేనే పూర్తి కూలి ఇప్పించేవారు. యంత్రభాగాలను కొలిచినట్టే మనుషుల గృహజీవితాలను కొలవడం అక్కడ మొదలైంది.

సంపద, కీర్తి ఆయన తలకెక్కాయి. 1919లో మిగిలిన వాటాదారుల వాటాలు కొనివేసి, కంపెనీని పూర్తిగా కుటుంబం గుప్పిటిలోకి తెచ్చుకున్నాడు. ఇక ఎదురుచెప్పేవాడు లేడు. తనకు తెలియని విషయాలలోనూ తీర్పులు చెప్పసాగాడు. డియర్‌బోర్న్‌లో ఒక వారపత్రిక కొని, 1920 మే నుండి యూదు జాతి మీద వారం వారం విషం చిమ్మించాడు. లోకంలోని సకల అనర్థాలకూ కొద్దిమంది జనం గల ఆ మతస్థులే మూలమన్నట్లు వ్రాయించాడు. ఆ వ్రాతలు పుస్తకాలై జర్మన్ భాషలోకి వెళ్ళి, అక్కడ పుట్టబోతున్న పాపానికి ఇంధనమయ్యాయి. న్యాయస్థానంలో దావా పడిన పిమ్మట 1927లో క్షమాపణ ప్రకటించి పత్రికను మూసివేశాడు. కాని 1938లో, తన డెబ్భై అయిదవ జన్మదినాన, హిట్లరు ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని స్వీకరించాడు. అల్పసంఖ్యాకుల విద్యకై స్థాపితమైన మన కళాశాల పత్రికలో ఈ ఘట్టాన్ని వ్రాయకుండా దాటవేయడం మాకు సాధ్యం కాదు. తన కార్ఖానా గేటును అన్ని జాతులకు తెరిచినవాడే ఒక జాతి మీద తలుపు మూయాలని లోకానికి బోధించాడు. ఈ వైరుధ్యానికి మేము సమాధానం కనుగొనలేదు.

ఇదే మొండితనం ఆయన ఇంజనును కూడ కబళించింది. 1912లో ఆయన ఐరోపా వెళ్ళినప్పుడు ఉద్యోగులు మోడల్ టీని కొంత మెరుగుపరచి కొత్త నమూనా చేసి చూపించారట. తిరిగివచ్చిన ఫోర్డు మారుమాట లేకుండా దాని తలుపులు పెరికి పారవేశాడని చెబుతారు. 1914 మొదలు పన్నెండేళ్ళ పాటు కారుకు నలుపు తప్ప మరొక రంగు వేయనివ్వలేదు. ఈలోగా లోకం మారింది. రోడ్లు బాగుపడ్డాయి, వేగం కావాలన్నారు. పోటీ కంపెనీ షెవ్రొలే మూడు గేర్లతో, రంగురంగుల్లో, వాయిదాల మీద కార్లు అమ్మింది. కుమారుడు ఎడ్సెల్ 1919 నుండి పేరుకు అధ్యక్షుడు, నిర్ణయాలన్నీ తండ్రివే. మృదుస్వభావి అయిన ఎడ్సెల్ మార్పు కావాలని మెల్లగా నచ్చజెప్ప చూశాడు. ఫలించలేదు. 1926 జనవరిలో ఎడ్సెల్ తోడల్లుడు, కంపెనీ ఉన్నతోద్యోగి అయిన ఎర్నెస్ట్ కాంజ్లర్ ఎంతో వినయంగా, ఈ కారుకు కాలం చెల్లిందని వివరిస్తూ ఒక విజ్ఞప్తి వ్రాశాడు. కొద్ది నెలలకే ఆయన ఉద్యోగం ఊడింది.

లెక్కలు మాత్రం విజ్ఞప్తులు వ్రాయవు; నేరుగా వస్తాయి. అమ్మకాలు పడిపోయాయి. 1927 మే 26న కోటీ యాభై లక్షలవ కారు వెలువడింది. ఆ తర్వాత మోడల్ టీ తయారీ నిలిచిపోయింది. బదులు ఏమి చేయాలో సిద్ధంగా లేకపోవడం వల్ల కార్ఖానాలు ఇంచుమించు ఆరు నెలలు మూతపడ్డాయి. వేలాది కార్మికులు వీధిన పడ్డారు. డిసెంబరులో మోడల్ ఏ వచ్చింది. అదీ నాలుగు సిలిండర్లదే, కాని 40 అశ్వశక్తి. నీటి పంపు, బ్యాటరీ, మూడు గేర్లు, నాలుగు చక్రాలకూ బ్రేకులు అన్నీ ఉన్నాయి. అంటే పంతొమ్మిదేళ్ళు వద్దన్నవన్నీ ఒక్కమారుగా ఒప్పుకున్నాడు. మోడల్ టీ నెలకొల్పిన సంఖ్య 1972లో జర్మనీ వారి ఫోక్స్‌వాగన్ బీటిల్ దాటేవరకు చెక్కుచెదరలేదు.

వృద్ధాప్యంలో ఆయన మరింత కఠినుడయ్యాడు. 1932 మార్చిలో ఆకలితో ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగుల మీద రూజ్ కార్ఖానా గేటు వద్ద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1937లో కార్మిక సంఘ నాయకులను కంపెనీ మనుషులు చితకబాదారు. 1941లో గాని సంఘాన్ని గుర్తించలేదు. అదే 1941లో ఆయన మహాత్మా గాంధీకి అభినందన లేఖ వ్రాయడం, గాంధీజీ తాను సంతకం చేసిన చరఖాను బదులుగా పంపడం మన దేశీయులకు ఆసక్తి కలిగించే విషయం. కోట్ల యంత్రభాగాలు చూసిన ఆ ముసలివాడు ఆ చెక్క యంత్రాన్ని ప్రీతితో దాచుకున్నాడు. చరఖా కూడ విరిగితే ఊరి వడ్రంగి బాగుచేయగల యంత్రమే కదా!

1941 ఆగస్టు 4న మరొక సంగతి జరిగింది. కారు ఆగిపోయి పద్నాలుగేళ్ళయినా మోడల్ టీ ఇంజన్లను మాత్రం పాత యజమానుల మరమ్మతులకోసం, పొలాల పనులకోసం చేస్తూనే వచ్చారు. 1927 తర్వాత తయారైనవే సుమారు 1,70,000. వాటిలో చివరిది ఆనాడు కార్ఖానా దాటింది.

1943 మే 26న ఎడ్సెల్ నలభై తొమ్మిదేళ్ళ వయసులో మరణించాడు. తండ్రి మాటకు ఎదురాడలేక, మాట చెల్లించుకోలేక నలిగిన జీవితం అది. ఎనభై ఏళ్ళ ఫోర్డు మరల అధ్యక్షుడై కూర్చున్నాడు. చివరకు 1945లో ఇంటి ఆడవారి పట్టుదల మీద మనుమడు రెండవ హెన్రీకి అధికారం అప్పగించాడు.

1947 ఏప్రిల్ 7న రూజ్ నదికి వరద వచ్చింది. ఆయన భవనానికి వెలుగునిచ్చే సొంత విద్యుత్కేంద్రం నీట మునిగి ఆగిపోయింది. ఆ రాత్రి ఇంట్లో కొవ్వొత్తులు, నూనె దీపాలు వెలిగించారు. భార్య క్లారా, యాభై మూడేళ్ళ కిందట వంటగదిలో చుక్కలు చుక్కలుగా పెట్రోలు పోసిన చేతులతో ఆయన తలను పట్టుకొని కూర్చున్నది. అర్ధరాత్రికి కొద్ది ముందుగా, ఎనభై మూడేళ్ళ వయసులో, ఆ దీపాల వెలుగులోనే హెన్రీ ఫోర్డు కన్నుమూశాడు.